దోముహానీ నీళ్లలో దిగిందెవరు

సోనారి, జంషెడ్‌పూర్
3 ఆగస్టు 2025, ఆదివారం

కష్టంలోనూ కృపలోనూ నాతోపాటు నడిచిన చెల్లెలు ఏసుమణికి,

అన్న అగస్టిన్ వందనాలు. ఫోను చేస్తే నిమిషంలో తేలిపోయే సంగతిని ఉత్తరంలో రాస్తున్నాడేమిటని విసుక్కోకు. నాకిప్పుడు ఫోనంటే భయం పట్టుకుంది. నోట్లోంచి జారిన మాట గాలిలో కలిసిపోతుందని డెబ్బై రెండేళ్లు నమ్మాను. కలిసిపోదని మొన్న శుక్రవారం తెలిసింది.

జయప్రకాష్ అనే హైదరాబాదు కుర్రాడి గురించి నీకిదివరకే చెప్పాను. పండితులను కూర్చోబెట్టి చరిత్ర మీద, రాజకీయం మీద, సమాజం మీద మూడేసి నాలుగేసి గంటలు మాట్లాడించి యూట్యూబులో పెడతాడు. చెవుల్లో తీగలు పెట్టుకుని ఒక్కటీ వదలకుండా విన్నాను. తొమ్మిదో తరగతి తప్పి, ముప్పై ఐదేళ్లు మిల్లులో క్రేను తోలినవాణ్ణి. నాకు అదే కాలేజీ. వాళ్లు ఒక మాటంటే నేను ఇంట్లో కూర్చుని రెండు బైబిలు వాక్యాలతో ఎదురు చెప్పేవాణ్ణి. ఒకరోజు కుసుమగారనే చరిత్ర ప్రొఫెసరు, కర్మాగారం పనికి ఈ ఊరొచ్చిన మన తెలుగువాళ్ల గురించి మాట్లాడుతూ, "వాళ్లలో ఎవరు, ఎప్పుడు, ఎందుకు క్రైస్తవులయ్యారో చెప్పే రాత ఆధారం దొరకలేదు" అన్నారు. దొరకలేదా! నా బీరువాలో ఉందే! వెంటనే ఉత్తరం రాశాను. వాళ్లిద్దరూ రైలెక్కి వచ్చేశారు.

బిష్టుపూర్‌లో హోటలు గది. రెండు కెమెరాలు, నా చొక్కాకి చిన్న మైకు. నాలుగు గంటలు, ఏసుమణీ! నన్ను ఎవరూ ఆపలేదు, గంట కొట్టలేదు. సంఘంలో బోధించడానికి మా కాపరి నాకు ఇరవై నిమిషాలకు మించి ఇవ్వడు. "మీ వాక్యాలు మా ఫుట్‌నోట్లలాంటివి అగస్టిన్‌గారూ" అని ఆవిడ నవ్వింది. "కాదమ్మా, మీ ఫుట్‌నోటు పేజీ అడుగున ఉంటుంది. నా వాక్యం మనిషి అడుగున ఉంటుంది" అన్నాను. జయప్రకాష్ తొడ చరిచాడు.

మూడో గంటలో బాప్తిస్మపు రిజిస్టరు తెరిచాను. 2010 మార్చి పేజీ. అప్పట్లో సంఘానికి కాపరి లేక, దోముహానీలో రెండు నదులు కలిసేచోట నా చేతులతోనే ఇచ్చాను కదా. వేలు పెట్టి పేరుపేరునా చదివాను. పేరూ తేదీ లేని సాక్ష్యం సాక్ష్యమే కాదని బోధించేవాణ్ణి నేనే. విల్సన్ బావ పేరు, నీ పేరు, ఆ కింద "నవ్య, వయసు పదకొండు, సంఘపు పేరు రూతు." అక్కడైనా ఊరుకున్నానా? "ఈ పిల్ల నా మేనకోడలు. ఇప్పుడు విశాఖలో గవర్నమెంటు ఉద్యోగం" అన్నాను.

కుసుమగారి పెన్ను ఆగిపోయింది. ఎందుకాగిందో నాకప్పుడు తెలియలేదు. ఆటోలో ఇంటికొస్తుంటే తెలిసింది. దాని ఉద్యోగం ఏ సర్టిఫికెట్టు మీద వచ్చిందో గుర్తొచ్చింది.

ఏమీ కాదని రాయి. పలికిన ప్రతి మాటకూ తీర్పు దినాన జవాబు చెప్పాలని నేనెన్నిసార్లు అరిచానో. ఆ దినం ఇంత తొందరగా వస్తుందనుకోలేదు.

నీ అన్న,
అగస్టిన్


కంచరపాలెం, విశాఖపట్నం
9 ఆగస్టు 2025

అన్నయ్యకు,

వందనాలు తర్వాత చెబుతాను. ముందు కడుపు మంట చెప్పనీ.

నీకు గుర్తొచ్చింది ఆటోలోనా? ఎస్సీ కోటా కింద దానికి ఉద్యోగం వచ్చిందని మిఠాయి పంచింది నువ్వే కదా! బాప్తిస్మం తీసుకుని క్రైస్తవులమైతే ఆ కోటా మనకు వర్తించదని నీకు తెలీదా? కులం మాత్రం మనల్ని ఏ నదిలోనూ వదల్లేదు. చదువుకునేటప్పుడు వెనక బెంచీ, అద్దె ఇంటికి వెళితే "మీరేవిట్లు?" అన్న ప్రశ్న, అన్నీ ఉన్నాయి. చట్టానికి మాత్రం మనం మునిగి తేలిన మరుక్షణం వేరేవాళ్లం. అందుకే కదా ఇంట్లో రెండు పేర్లు పెట్టుకుని బతుకుతున్నాం.

గురువారం నవ్య ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో కూర్చుంది.

"ఏటే, ఏటయ్యింది?" అన్నాను.

"మామయ్య వీడియో అంతా చూసేసారే అమ్మా."

దాని సెక్షన్‌లో దీపక్ అని ఒకడున్నాడు. దాని తర్వాత సీనియారిటీ వాడిదే. టీ గ్లాసు పట్టుకుని బల్ల దగ్గరకు వచ్చి, "మీ మావయ్య బలే మాట్లాడతన్నారండి నవ్యగారూ! లేకపోతే రూతుగారూ అనాలేటి?" అన్నాడట. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారట. అదీ నవ్విందట. ఏం చేస్తుంది?

అప్పటి నుంచి అన్నం సయించడంలేదు. గేటు చప్పుడైతే ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నాం. ఉద్యోగం తీసేస్తే తీసేస్తారు, దొంగ సర్టిఫికెట్టని కేసు పెడితే? ఇరవై ఆరేళ్ల పిల్ల, అన్నయ్యా.

ఆ వీడియో తీయించు. వాక్యాలు రాయకు.

ఏసుమణి


సోనారి
14 ఆగస్టు 2025

ప్రియమైన చెల్లెలికి, తడిబట్టలతోనే కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది.

నాలుగు గంటలదీ బయటికొచ్చేసిందని నీ ఉత్తరం చదివి అనుకున్నాను. వర్షంలోనే బిష్టుపూర్ పరిగెత్తాను. అదృష్టం, వాళ్లింకా హోటల్లోనే ఉన్నారు. మిగతా తెలుగు కుటుంబాలను కలుస్తున్నారు. జయప్రకాష్ భోజనం వదిలేసి లేచాడు.

"పూర్తిది పెట్టలేదు తాతగారూ. రుచి చూపించడానికని రెండు నిమిషాల ముక్క పెట్టాను, అంతే."

"ఏ రెండు నిమిషాలు?"

కుర్రాడు ఫోను తీసి నా ముందు పెట్టాడు. రెండువందల నలభై నిమిషాల్లో ఆ రెండే దొరికాయి. నా వేలు, ఆ పేజీ, నవ్య పేరు. అంతకంటే బాగున్న చోటు లేదట. నిజమే, నేను గొంతు పెంచింది అక్కడే.

నా కళ్లముందే తీసేశాడు. "ఎవరైనా ఫోన్‌లో దాచుకుని ఉంటే మాత్రం అది నా చేతిలో లేదండీ" అన్నాడు. పూర్తిదాన్ని నేను సరేననేవరకూ పెట్టనని మాటిచ్చాడు. అయితే మధ్యలో కోసేది లేదట. ఎవరి మాటా కత్తిరించకపోవడం వాళ్ల నియమమట. పెడితే మొత్తం పెట్టాలి, లేకపోతే లేదు.

కుసుమగారు ఒక్కటే అడిగింది. "పేర్లు నా పుస్తకంలో రాయనండి. కానీ మీరు చదివింది నిజమేనా?"

"నా చేతులతో ముంచాను" అన్నాను.

చెల్లీ, నీకు కోపమొచ్చినా ఒక మాట అడగాలి. నీ ఉత్తరంలో భయం ఉంది, సరే. సిగ్గు ఎందుకుంది? యేసును పట్టుకెళ్లిన ఆ రాత్రి చలిమంట దగ్గర పేతురు కూడా భయపడే కదా "ఆయనెవరో నేనెరుగను" అన్నాడు. ఉద్యోగం కోసం మనం ఆ మంట దగ్గరే కూర్చుంటున్నామా? నిన్ను నిందించడం లేదు. నాకే ఆ వేడి తగులుతోంది.

అగస్టిన్


విశాఖపట్నం
19 ఆగస్టు 2025

అన్నయ్యా,

నన్ను పేతురుతో పోల్చావు. ఆయన తర్వాత పెద్దవాడయ్యాడులే. నేను మాత్రం వంటింట్లోనే ఉన్నాను. ముక్క తీసేస్తే ఏమైంది? దీపక్ ఫోనులో ఉంది. నవ్యకు చూపించాడు కూడా.

పదిహేనేళ్లుగా నోట్లో దాచుకున్నది ఇప్పుడు చెబుతున్నాను. నవ్య ఆ రోజు నీళ్లలో దిగలేదు.

దానికి ముందురోజు నుంచీ జ్వరం. దోముహానీ ఒడ్డున తువ్వాలు కప్పి కూర్చోబెట్టాను. నువ్వు ఎవరినీ చూసే స్థితిలో లేవు. ఒకరి తర్వాత ఒకరిని ముంచుతూ, ఏడుస్తూ, పాడుతూ ఉన్నావు. నీ చేతుల్లో నీళ్లు తాగి దగ్గిన పిల్లని నువ్వెప్పుడూ చెబుతుంటావే, అది ఫ్లోరా. మన పక్క క్వార్టరు వాళ్ల అమ్మాయి. దానిదీ అదే వయసు, ఇద్దరికీ ఒకే గుడ్డలో కుట్టించిన గౌన్లు. తర్వాత రిజిస్టరు చూస్తే మా పిల్ల పేరు ఉంది. "నీవును నీ ఇంటివారును రక్షణ పొందుదురు" అని పౌలు ఫిలిప్పీ జైలరుకు చెప్పాడంటూ నువ్వు ఇళ్లకు ఇళ్లే ఒకేసారి రాసేవాడివి కదా. అలాగే దాన్నీ రాసేశావు. చెబుదామంటే ఆయన, "ఊరుకో ఏసుమణీ, మీ అన్న సంతోషం చూడు. పేరుంటే ఏటి పోద్ది?" అన్నారు.

పేరుంటే ఏం పోతుందో చూడడానికి ఆయన లేరు.

నువ్వు చేయాల్సింది చాలా చిన్న పని. ఆ పేరు తప్పుగా రాశానని కాగితం మీద రాసి సంతకం పెట్టు. ఆ పండితురాలి ముందు కూడా చెప్పు. నిజం చెప్పమంటున్నాను. దీనికి కూడా వాక్యం కావాలా?

ఏసుమణి


సోనారి
25 ఆగస్టు 2025

ఏసుమణికి,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మూడు రోజులూ రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మొదటి రోజు నీ మీద మండిపడ్డాను. అననీయ, సప్పీరా అబద్ధమాడి పడి చచ్చిన సంగతి నాలుగు పేజీలు రాసి చింపేశాను. నాకు గుర్తుంది చెల్లీ! ఆ పిల్ల దగ్గడం గుర్తుంది, తడిసిన జడ నా మోచేతికి చుట్టుకోవడం గుర్తుంది. అది నవ్య జడ కాదంటే ఎలా నమ్మను?

రెండో రోజు ఫ్లోరా దగ్గరకు వెళ్లాను. ఇక్కడే, ఏరోడ్రోమ్ దగ్గర ఉంటోంది. నర్సు. స్కూటరు మీద బయల్దేరుతోంది.

"అమ్మా, దోముహానీలో నీళ్లు తాగింది నువ్వేనా?"

"కబ్ కీ బాత్ హై, అంకుల్? యాద్ నహీఁ." ఎప్పటి మాటో గుర్తులేదట. హెల్మెట్ పెట్టుకుంటూ ఆగింది. "మమ్మీ చెప్పేది, నేను చాలా ఏడ్చానని. పానీ తాగానో లేదో... ఎందుకంకుల్? ప్రాబ్లమ్ హై క్యా?"

ఏమీ లేదన్నాను. ఈమధ్య ఆ మాట చాలాసార్లు అంటున్నాను.

మూడో రోజు భూతద్దం పెట్టి ఆ పేజీని చూశాను. అప్పుడు అసలైన భయం పుట్టింది. పద్నాలుగు పేర్లూ ఒకే పెన్నుతో, ఒకే ఒరవడిలో ఉన్నాయి. ఒడ్డున, తడి చేతులతో రాసినవి కావు. ముందురోజే బల్ల దగ్గర కూర్చుని రాసుకున్నాను. ఎవరు దిగుతారో నిశ్చయం చేసుకుని, దిగకముందే రాశాను! విశ్వాసం అనుకున్నాను దాన్ని. ఈ పుస్తకంలో రెండువందల పద్నాలుగు పేర్లున్నాయి. ఎన్ని చూసి రాశాను, ఎన్ని రాసి చూశాను? కుసుమగారు దీన్ని ఆధారం అంటోంది. ఈ ఊళ్లో మనవాళ్లు మనుషుల్లా నిలబడ్డారని చెప్పే కాగితం ఇదొక్కటే అంటోంది. నేను ఒక్క పేరు అబద్ధమంటే మిగతా పేర్ల గతేమిటి? వాళ్లలో సగం మంది మట్టిలో ఉన్నారు. వచ్చి సాక్ష్యం చెప్పలేరు.

నీది నిజమో నాది నిజమో తెలియకుండా ఎలా సంతకం పెట్టను? కొంచెం గడువివ్వు.

అగస్టిన్


విశాఖపట్నం
30 ఆగస్టు 2025

అన్నయ్యకు,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. రాయకూడదనుకున్నావని అర్థమైంది. ఇది కోపంతో రాయడం లేదు, కోపం కూడా అయిపోయింది.

నిన్న ఆఫీసులో నవ్యకు మెమో ఇచ్చారు. మతం మారిన సంగతి దాచి ఎస్సీ కోటాలో ఉద్యోగం పొందినట్టు ఫిర్యాదు వచ్చిందట. పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. జంషెడ్‌పూర్ సంఘం రిజిస్టరు అని స్పష్టంగా రాసి ఉంది. వకీలు దగ్గరకు వెళ్లాం. "తల్లిదండ్రులు మారినా పిల్ల మారలేదని, దాని పేరు తప్పు రాశానని అది రాసినాయనే చెబితే నిలబడొచ్చు. లేకపోతే కష్టమమ్మా" అన్నాడు.

నవ్య ఏడవదు, అరవదు. మెమో తెచ్చిన కవరును మడతపెట్టి బీరువాలో బట్టల కింద పెట్టింది. "మామయ్యను బలవంతపెట్టకే అమ్మా. ఆయనకా పుస్తకమంటే పేణం" అంది. దాని గొంతు విని నాకు భయమేసింది. రాత్రి లేచి అది ఊపిరి తీస్తోందో లేదో చూసుకుంటున్నాను. అర్థమైందా నేనేం రాస్తున్నానో?

నీకు రెండువందల పద్నాలుగు పేర్లు. నాకు ఒక్కటే.

ఏసుమణి

తాజాకలం: కవరు అతికించబోతుంటే నీ 25వ తారీకు ఉత్తరం వచ్చింది. గడువు అడిగావు. సెప్టెంబరు పదమూడు. అది నేనిచ్చిన గడువు కాదు.


సోనారి
8 సెప్టెంబరు 2025, సోమవారం

ఏసుమణీ,

ఈ కవరులో నా వాంగ్మూలం ఉంది. నోటరీ ముద్ర ఉంది. జాగ్రత్తగా తీసి ముందు వకీలుకు ఇవ్వు. ఉత్తరం తర్వాత చదువుకోవచ్చు.

శనివారం ఉదయం మళ్లీ కెమెరా ముందు కూర్చున్నాను. నేనే అడిగాను, అయిదో గంట కావాలని; వాళ్లు మళ్లీ వచ్చారు. జయప్రకాష్ నా చొక్కాకు మైకు పెడుతూ, "చేతులు చల్లగా ఉన్నాయి తాతగారూ, టీ చెప్పనా?" అన్నాడు. వద్దన్నాను.

పేర్లు ముందుగానే రాసుకునే నా అలవాటు చెప్పాను. ఇళ్లకు ఇళ్లు ఎలా రాసేవాడినో చెప్పాను. అంతవరకూ నిజమే కాబట్టి గొంతు పలికింది. కుసుమగారు శ్రద్ధగా రాసుకుని తలెత్తింది. ఆమె అడగాల్సింది ఆమె అడిగింది.

"మీ మేనకోడలి విషయం సూటిగా అడుగుతున్నాను అగస్టిన్‌గారూ. ఆ అమ్మాయి నీళ్లలో దిగడం మీరు కళ్లారా చూశారా?"

అప్పుడు గుర్తొచ్చింది, ఏసుమణీ. నెల రోజులు రానిది ఆ ఒక్క క్షణంలో వచ్చింది. నీళ్లు తాగి పైకి లేచిన పిల్ల దగ్గుతూ నా మెడ పట్టుకుని, "మామయ్యా, ఒదిలీకు" అంది. ఒళ్లు నిప్పులా కాలుతోంది. జ్వరమని నువ్వు రాసింది నిజమే. ఫ్లోరా నన్ను ఏనాడూ మామయ్యా అనలేదు. అంకుల్ అంటుంది. ఆ నదిలో నన్ను మామయ్యా అనగలిగిన పిల్ల ఒక్కతే ఉంది.

"చూడలేదు" అన్నాను. "అది దిగలేదు. ఒడ్డునే ఉంది. నేను అబద్ధం రాశాను."

ఆమె రిజిస్టరులో పేజీలు వెనక్కి తిప్పింది. తర్వాత నెమ్మదిగా, "ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?" అంది. తెలియదన్నాను. ఆమె పెన్ను మూసింది. "అయితే ఈ రిజిస్టరును ఆధారంగా వాడలేనండీ. నన్ను క్షమించండి" అంది. ఆమెనేమనగలను? మర్యాదగానే అంది.

పూర్తిగా అయిదు గంటలూ పెట్టమన్నాను. ఒక్క ముక్కా కోయొద్దన్నాను. పెట్టేశారు. నిన్న ఆదివారం సంఘంలో అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఫ్రాంక్లిన్ నా దగ్గరకు వచ్చాడు.

"ఏటి బాబాయ్, మా అమ్మ పేరు కూడా ముందే రాసీసేవా? ఆవిడ ఆ పుస్తకంలో పేరుందనే ధైర్యంగా కన్ను మూసింది."

వాళ్ల అమ్మను నిజంగానే ముంచాను. ఆవిడ బరువు ఇప్పటికీ నా భుజానికి తెలుసు. ఆ మాటే చెప్పాను. అతను నా మొహంలోకి చూసి, "నీ మాట ఇప్పుడు ఏది పట్టుకోవాలి?" అన్నాడు. రిజిస్టరు అడిగి తీసుకున్నాడు. ఇకమీదట బోధించవద్దన్నారు. నేనూ అడగలేదు. చివరి ప్రార్థన చేయమని ఎవరో అంటే లేచి నిలబడ్డాను. నోరు తెరిస్తే ఒక్క వాక్యమూ రాలేదు. యాభై ఏళ్లలో మొదటిసారి. కూర్చున్నాను.

నవ్య దిగలేదని నువ్వు తెలిసి రాశావో, మరిచి రాశావో నాకు చెప్పకు. నీ మీద కోపం లేదు. తల్లి అడగాల్సింది నువ్వు అడిగావు. కానీ నాకు భయం పోలేదు చెల్లీ. ఆఫీసువాళ్లు నా కాగితాన్ని నమ్ముతారో లేదో అని పగలంతా భయం. నమ్ముతారేమోనని, నమ్మితే నా అబద్ధం నిలిచిపోతుందని, చీకటి పడ్డాక ఇంకో భయం.

నవ్యకు మాత్రం నదిలో ఏం జరిగిందో చెప్పకు. అది అడిగితే, మామయ్యకు చూడకుండా రాసే అలవాటుందని చెప్పు. ఎప్పుడైనా, ఉద్యోగమూ భయమూ అన్నీ తీరాక, దానంతట దానికి నీళ్లలో దిగాలనిపిస్తే, వేరే ఎవరినైనా పిలుచుకోమను. ముంచే చెయ్యి అబద్ధమాడని చెయ్యి అయి ఉండాలి.

అగస్టిన్